కొండ మీద స్నానఘట్టం ఎందుకుంది?

విహారయాత్రలకు పిల్లల్ని తీసుకెళ్లే ఉపాధ్యాయులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపాధ్యాయులకు,



కార్తీకం వచ్చిందంటే బళ్లలో విహారయాత్ర మాట మొదలవుతుంది. బస్సు మాట్లాడాలి, తల్లిదండ్రుల సంతకాలు తేవాలి, డబ్బు కట్టలేని పిల్లల సంగతి గుట్టుగా చూడాలి, వంటవాళ్లను కుదుర్చుకోవాలి. రెండు రోజులూ కంటి మీద కునుకు లేకుండా తలకాయలు లెక్కపెట్టుకోవాలి. ఎవరి పిల్లలో వాళ్లింటికి చేరేదాకా మీ గుండెలో దడ ఆగదు. ఇంత భారం మోస్తున్న మీకు ఇంకో పని చెప్పడానికి రాయడం లేదు. ఇప్పుడు చేస్తున్న పనిలోంచే కొంత తగ్గించుకొమ్మని, మిగిలిన చోట ఒక్క ప్రశ్నకు తావివ్వమని అడగడానికి రాస్తున్నాను.

నేను ఏడో తరగతిలో ఉండగా మా బడి నుంచి రెండు రోజుల యాత్రకు వెళ్లాం. శ్రీశైలం, నాగార్జునసాగర్, నాగార్జునకొండ, ఎత్తిపోతల, అమరావతి, మంగళగిరి, బెజవాడ కనకదుర్గమ్మ. రెండు రోజుల్లో ఏడు చోట్లు. నాగార్జునకొండ మీద లాంచీ దిగగానే మా సారు ఈల ఊది, నలభై నిమిషాల్లో తిరిగి రావాలన్నారు. మ్యూజియం గుమ్మం దగ్గర బోర్డు మీదున్న నాలుగు ముక్కలు నోటు పుస్తకంలోకి ఎక్కించుకున్నాం. లాంచీ అంచున ముఖానికి కొట్టిన నీటి తుంపర, విస్తరాకులో పులిహోర, పక్కవాడితో కిటికీ కోసం పడ్డ పోట్లాట ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ కొండ మీద ఏం చూశానో మాత్రం గుర్తు లేదు. ఇది మా సారు తప్పు కాదు. ఎనభై మంది పిల్లలు, చుట్టూ నీళ్లు. ఆయన చూపంతా మా మీదే ఉంది. ఉండాల్సింది కూడా అక్కడే.

ఆ కొండను మొదటిసారి నిజంగా చూసింది ఎన్నో ఏళ్ల తర్వాత, పదకొండేళ్ల మా పాపతో కలిసి. ఈసారి తొందర లేదు. నడుచుకుంటూ ఒకచోటికి వచ్చాం. సున్నపురాయి పలకలతో వరుసలు వరుసలుగా, ఒద్దికగా కట్టిన మెట్లు. ఇక్ష్వాకుల కాలపు స్నానఘట్టమని బోర్డు మీద రాసి ఉంది. పాప మెట్ల వంక చూసింది, కొండ దిగువన ఎక్కడో ఉన్న నీళ్ల వంక చూసింది.

“నాన్నా, స్నానం చేసే మెట్లు నది ఒడ్డున ఉండాలి కదా. కొండ మీద ఎందుకున్నాయి?” అంది.

నేను మీకు రాస్తున్న లేఖంతా ఆ ప్రశ్నలోంచి వచ్చిందే.

ఆ మెట్లు అక్కడివి కావు. మనం లాంచీలో దాటొచ్చిన నీళ్ల అడుగున ఒక లోయ ఉంది. క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. ఒక పక్క రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. మరో పక్క ఆ రాచకుటుంబపు ఆడవాళ్లే బౌద్ధ స్తూపాలకు, విహారాలకు దానాలిచ్చారు. శాంతమూలుడి తోబుట్టువు శాంతిసిరి మహాచైత్యానికి పెద్ద దాత. సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించిన బోధిసిరి ఒక ఉపాసిక. వాళ్ల పేర్లు ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో రాళ్ల మీద చెక్కి ఉన్నాయి. రాజుల పేర్లు పాఠాల్లో వస్తాయి. ఈ ఆడవాళ్ల పేర్లు రాళ్ల దగ్గరికి వెళ్తేనే తెలుస్తాయి. మీ ఆడపిల్లలకు ఆ రెండు పేర్లూ తప్పకుండా చెప్పండి.

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని అప్పటికే తెలుసు. అందుకే 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖవాళ్లు నీళ్లతో పందెం వేసినట్టు తవ్వారు. నూరుకు పైగా చోట్ల కట్టడాలు బయటపడ్డాయి. అన్నిటినీ కాపాడుకోవడం సాధ్యం కాదు. ముఖ్యమైన కొన్నిటిని విప్పి కొండ మీదికి చేర్చి మళ్లీ కట్టారు. మరికొన్నిటికి అచ్చు అలాంటి నమూనాలను ఒడ్డున అనుపు దగ్గర నిలబెట్టారు. మెట్లు మెట్లుగా కూర్చునే రంగస్థలం అక్కడే ఉంది. మిగిలినవి నీటి అడుగున ఉండిపోయాయి. వాటితో పాటు లోయలో మనుషులు కాపురాలు చేసిన పుల్లారెడ్డిగూడెం కూడా మునిగింది. స్నానఘట్టాన్ని కొండ మీదికి తేగలిగారు. ఊరిని తేలేరు కదా.

ఈ కథలో మీకు చెందిన భాగం ఒకటుంది. ఆ లోయ సంగతి లోకానికి తెలిసింది 1926లో. అక్కడి పాత స్తంభాన్ని గమనించి, ఇదేదో ప్రాచీనమైనదని మద్రాసు ప్రభుత్వానికి తెలియజేసిన మనిషి సూరపరాజు వెంకటరామయ్య. ఆయన బడిపంతులు. ఆ తర్వాతే మద్రాసు నుంచి శాసనాల పరిశోధకులు వచ్చారు. 1927లో పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్లు ఎందరు ఆ స్తంభాన్ని చూసి ఉంటారు! దాని ముందు ఆగింది మాత్రం ఒక ఉపాధ్యాయుడు. నాగార్జునకొండ మీద మీ పిల్లలకు మొదట చెప్పాల్సిన మాట ఇదేనని నాకనిపిస్తుంది. మీ వృత్తికి అంతకు మించిన గౌరవం ఏ అవార్డు పత్రంలోనూ ఉండదు.

నేను ప్రాజెక్టులకు వ్యతిరేకంగా రాయడం లేదు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలాక కుడి ఎడమ గట్ల కింద లక్షల ఎకరాలు తడిశాయి. మీ మధ్యాహ్న భోజనంలో వడ్డించే అన్నంలో ఆ నీళ్లున్నాయి. ప్రాజెక్టులను నెహ్రూ ఆధునిక దేవాలయాలన్నారు. ఆ మాట మనందరం బళ్లో చదువుకున్నదే. ఆ కొత్త గుడి కోసం ఏయే పాత గుళ్లు చోటు మారాయో, ఏ ఇళ్లు మునిగాయో కూడా పిల్లలకు తెలియాలి. రెండూ తెలిసిన పిల్లవాడు అన్నాన్నీ గౌరవిస్తాడు, రాయినీ గౌరవిస్తాడు. ఒకటే తెలిసినవాడు రెండో దాని విలువ కట్టలేడు.

పాప ప్రశ్న తర్వాత నేను ఏ పాత గుడికి వెళ్లినా ముందు అడిగేది ఒకటే. ఇది మొదట ఎక్కడుండేది?

కర్నూలు నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో ఆలంపురం ఉంది. జోగులాంబ తల్లి కోసం జనం వస్తారు, దండం పెట్టుకుంటారు, వెళ్లిపోతారు. పక్కనే బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలున్నాయి. పేరుకు బ్రహ్మలు, లోపల ఉన్నది శివుడు. స్వర్గబ్రహ్మ ఆలయం మీద చాళుక్య రాజు వినయాదిత్యుడి కాలపు శాసనం ఉంది. అంటే పదమూడు వందల ఏళ్ల నాటి మాట. తెలుగు నేల మీద ఉత్తరాది పద్ధతిలో వంపు తిరిగిన శిఖరాలు చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. ఆ గుళ్ల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. అమ్మవారికి మొక్కి దర్గాలోనూ తల వంచి వెళ్లేవాళ్లను అక్కడ నా కళ్లతో చూశాను.

ఇదే ఆలంపురంలో, శ్రీశైలం ఆనకట్ట వెనుక జలాలకు భయపడి తరలివచ్చిన దేవుళ్లు కూడా ఉన్నారు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి దగ్గరుండిన సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఇక్కడికి తెచ్చి కట్టారు. పాపనాశి గుళ్లు ఇరవైకి పైగా ఉంటాయి. అవీ ఇలాగే చోటు మారాయి. గుడిని తరలించడమంటే మాటలు కాదు. ముందు ప్రతి మూలా కొలిచి పటం గీస్తారు. ప్రతి రాయికీ ఒక అంకె వేస్తారు. కట్టినప్పుడు చివర పెట్టిన రాయిని విప్పేటప్పుడు మొదట దించుతారు. కొత్త చోట పునాది వేసి, అంకెల వరుస చూసుకుంటూ మళ్లీ పేరుస్తారు. ఒక్క అంకె తప్పితే గోడ కూర్చోదు. మీ లెక్కల మాస్టారు కూడా యాత్రకు వస్తే ఈ గుడి దగ్గర ఆయన్ను మాట్లాడమనండి. ఏ రాయి మీదైనా ఆ అంకె జాడ మిగిలిందేమో పిల్లలను వెతకమనండి. దొరక్కపోయినా పర్వాలేదు. వెతికిన పిల్లవాడు ఆ గోడను మరిచిపోడు.

కదలని గుడి సంగతి కూడా చెప్పాలి. అది మా ఇంటి కథ.

మా అవ్వ పుట్టిల్లు శ్రీశైలం ముంపులో పోయింది. వందకు పైగా ఊళ్లు ఖాళీ అయిన కాలం అది. 1981లో మా అవ్వ వాళ్ల వాళ్లు ఇంటి దూలాలు, తలుపులు బండ్లకెత్తుకుని, కొట్టంలోని పశువుల్ని తోలుకుని తలో దిక్కుకు పోయారు. అక్కచెల్లెళ్లు మూడు ఊళ్ల పాలయ్యారు. ఆ తర్వాత ఎప్పుడు వేసవి వచ్చినా అవ్వ ఒక్కటే అడిగేది, “సంగమేశ్వరం తేలిందంటనా?” అని.

నందికొట్కూరు అవతల ముచ్చుమర్రి దగ్గర సంగమేశ్వరం. ఏడు నదులు కలిసే చోటంటారు. అక్కడి స్వామి వేపకొయ్య లింగం. ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఏటా జలాశయం నిండగానే గుడి నీళ్లలోకి పోతుంది. నీటిమట్టం తగ్గాక కొద్ది నెలలు పైకి వస్తుంది. ఆ కొద్ది నెలల్లోనే నిత్యపూజలు, భక్తుల రాక. ఇక్కడి రూపాల సంగమేశ్వరాలయం రాళ్లను మాత్రం తీసుకెళ్లి కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీద తిరిగి కట్టారు. ఒకే కూడలిలో ఉన్న ఇద్దరు సంగమేశ్వరుల్లో ఒకరు గట్టెక్కారు, ఒకరు నీళ్లలో ఉండిపోయారు.

ఒక ఏప్రిల్లో అవ్వను తీసుకుని వెళ్లాను. అప్పటికామెకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఎండిన రేగడి పెళ్లల మీద మెల్లగా నడిచి, నీళ్ల మరక ఇంకా ఆరని గోడలు పట్టుకుని లోపలికి వెళ్లింది. స్వామికి టెంకాయ కొట్టించింది. బయటికి వచ్చి, గుడికి వీపు పెట్టి, దూరంగా ఇంకా నీళ్లు నిలిచిన వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. ఎవరో పెద్దాయన, “అవ్వా, స్వామి ఇటున్నాడు” అన్నాడు.

“ఆ సామికి పెట్టినా నాయనా. ఇది మా ఊరికి” అంది అవ్వ.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. నందికొట్కూరు దగ్గర పడ్డాక అంది: “గుడన్నా ఏటా పైకొస్తాది. ఊరు రాదు గదా.”

పుణ్యక్షేత్రం అంటే దేవుడున్న చోటనే అనుకునేవాణ్ని. ఆ రోజు నుంచి ఆ మాటకు నాకు అర్థం పెరిగింది. మనిషి వదులుకోలేక వదులుకున్న చోటు కూడా పుణ్యక్షేత్రమే. దానికి గోపురం ఉండదు, ప్రసాదం ఉండదు, బోర్డు ఉండదు. దాని పేరు తెలిసినవాళ్లు ఏటా తగ్గిపోతూ ఉంటారు.

నీళ్లు కదిలించినవి కొన్నయితే, మనుషుల చేతులు కదిలించినవి కొన్ని. అమరావతి వెళ్లినప్పుడు పిల్లలు సాధారణంగా అమరేశ్వరుడిని చూసి, ధ్యానబుద్ధుడి ముందు ఫొటో దిగి బయల్దేరతారు. ఊళ్లోవాళ్లు దీపాలదిన్నె అని పిలిచిన ఆ మట్టిదిబ్బలోని మహాస్తూపం దగ్గర నిలబడండి. చూడటానికి పెద్దగా ఏమీ కనిపించదు. అక్కడ పాఠం ఆ ఖాళీయే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఆ రాళ్లను కొత్త కట్టడాలకు వాడుకున్నారు. కొన్ని సున్నం బట్టీల పాలయ్యాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి. వాటిలో చాలా భాగం ఆ తర్వాత ఓడలెక్కి లండన్ వెళ్లింది. ఇవాళ అమరావతి శిల్పాల్లో ఎక్కువ భాగం చూడాలంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియానికో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికో వెళ్లాలి. ఇక్కడున్న పిల్లవాడికి ఇక్కడ ముఖ్యంగా మిగిలింది దిబ్బ. ఆ దిబ్బ ముందు పది నిమిషాలు మౌనంగా కూర్చోబెట్టి, ఇక్కడ ఏం ఉండేదో చెప్పి, అవి ఎటు పోయాయో పిల్లల చేతే పటం మీద గీయించండి. నేను ఏడో తరగతిలో ఆ గీత గీసి ఉంటే, చరిత్రంటే తేదీలు కాదని, పోగొట్టుకోవడం, కాపాడుకోవడం అని అప్పుడే తెలిసేది.

ఇక మిమ్మల్ని అడగాలనుకున్నవి.

మొదటిది, చోట్లు తగ్గించండి. రెండు రోజులకు ఏడు వద్దు, రెండు చాలు. తల్లిదండ్రులు “ఇన్ని డబ్బులు కట్టాం, రెండే చూపిస్తారా” అంటారని మీకు సంకోచం ఉంటుంది. పూర్తిగా చూసిన రెండు చోట్ల గురించి పిల్లలు ఇంటికొచ్చి వారం రోజులు చెబుతారు. ఆ మాటలే మీకు సాక్ష్యం.

రెండోది, వెళ్లే ముందు వారంలో ఒక్క పీరియడ్ ఆ చోటికి ఇవ్వండి. ఒక పటం గీసి నది ఎటు పారుతుందో, ఆనకట్ట ఎక్కడుందో చూపిస్తే చాలు. చిన్న విషయాలే యాత్రను నిలబెడతాయి. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. లాంచీలు నీటిని బట్టి, గాలిని బట్టి నడుస్తాయి. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు. మిగిలిన ఆ డబ్బుతో కట్టలేని ఒక పిల్లవాణ్ని తీసుకెళ్లొచ్చు.

మూడోది, ప్రతి చోటా ఒక పెద్దమనిషిని వెతకండి. గైడు చెప్పేది గైడు చెబుతాడు. లాంచీ దగ్గర టీ అమ్మే ముసలాయన, గుడి ముందు పూలు కట్టే అమ్మ, ఒడ్డున వల అల్లుకునే జాలరి, వీళ్లలో ఎవరిదో ఒక ముంపు ఊరు అయి ఉంటుంది. వాళ్ల పక్కన పిల్లల్ని పావుగంట కూర్చోబెట్టండి. మీ ఊరు ఎలా ఉండేదని పిల్లల చేతే అడిగించండి. పెద్దవాళ్లు అడిగితే దాటేసే మాటలు పిల్లలు అడిగితే చెబుతారు.

నాలుగోది, ఏ దేవుడి చోటైనా చెప్పులు విడిచే మర్యాద ఒకటేనని చూపించండి. జోగులాంబ ముందు ఎలా నిలబడతామో దర్గా గడప దగ్గరా, పూజలు లేని బౌద్ధ స్తూపం దగ్గరా అలాగే నిలబడాలి. శిల్పాన్ని ఎక్కి ఫొటో దిగే పిల్లవాణ్ని కసురుకోవడం కన్నా, అది చెక్కినవాడి చేతుల గురించి చెప్పడం మేలు. ఆ తర్వాత వాడే దిగుతాడు.

ఐదోది, ఈ లేఖలో అసలు విన్నపం. యాత్ర నుంచి వచ్చాక పిల్లలు ఫొటోలతో పాటు ఒక్కొక్కరు ఒక్కో మునిగిన ఊరి పేరు తీసుకురావాలి. కర్నూలు, నంద్యాల, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, నల్గొండ, పల్నాడు ప్రాంతాల బళ్లలోనైతే వెతుక్కుంటూ పోనక్కర్లేదు. మీ తరగతిలో కూర్చున్న పిల్లల తాతలు, అవ్వలు, జేజిలు ఆ ఊళ్లవాళ్లే. ఊరి పేరు, గ్రామదేవత పేరు, ఊరు ఖాళీ అయ్యాక వాళ్లు చేరిన చోటు. ఈ మూడు ముక్కలు ఒక పుస్తకంలో రాయించి బడి గ్రంథాలయంలో పెట్టండి. సూరపరాజు వెంకటరామయ్యగారు ఒక స్తంభం చూసి కబురు పంపినట్టు, మీరూ ఒక కబురు రాసి పెట్టినవాళ్లవుతారు.

అవ్వ ఇప్పుడు లేదు. సంగమేశ్వరం తేలిందని వేసవిలో వార్త వస్తే ఇంట్లో ఎవరో ఒకరం ఆమె మాట తలుచుకుంటాం. నాగార్జునకొండ నుంచి వచ్చిన రాత్రి పాపకు ఆమె కథ చెప్పాను. పాప తన బడి అట్లాసు తెచ్చింది. శ్రీశైలం జలాశయం ఉన్న చోట నీలం రంగు మాత్రమే ఉంది. ఊరి పేరు అడిగింది, చెప్పాను. ఒక అక్షరం దగ్గర సందేహపడి మళ్లీ అడిగింది. తర్వాత ఆ నీలం మీద పెన్సిలుతో, చిన్నగా, స్పష్టంగా మా అవ్వ ఊరి పేరు రాసింది.

ఈ ఏడాది మీ బస్సు బయల్దేరేటప్పుడు పిల్లల సంచుల్లో ఒక్కో పెన్సిలు ఉండేలా చూడండి.

భవదీయుడు,
ఒకప్పుడు మీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న విద్యార్థి